పేరు మార్చినా మారని కొలతలు: బెర్టిలాన్ పద్ధతి ఎలా నడిచింది, ఎక్కడ దెబ్బతింది

పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చల గడి ఒకటి ఉంటుంది. ‘కుడి బుగ్గ మీద మచ్చ’, ‘ఎడమ మోచేతి కింద మచ్చ’ అని రెండు ముక్కలు రాసి ఉంటాయి. సర్టిఫికెట్ చేతిలో ఉండి, మనిషి ఎదురుగా ఉంటే పోల్చి చూసుకోవడానికి అది పనికొస్తుంది. ఇదే పనిని తిరగేసి చూడండి. మనిషి ఎదురుగానే ఉన్నాడు కానీ తప్పుడు పేరు చెబుతున్నాడు. లక్ష సర్టిఫికెట్ల కట్టల్లోంచి అతనిదేదో బయటికి తీయాలి. కట్టలన్నీ పేర్ల వరసలో ఉన్నాయి. అప్పుడు ఆ పుట్టుమచ్చ ఎందుకూ కొరగాదు.

పందొమ్మిదో శతాబ్దపు పోలీసులకు అసలు చిక్కు ఇదే. నేరస్థుల గుర్తింపు చరిత్రను సాధారణంగా కొలతలు, ఫొటోలు, వేలిముద్రలు అనే వరసలో పరికరాల కథగా చెబుతుంటారు. అందులో సగమే నిజం ఉంది. ఈ పద్ధతుల్లో ఏది గెలిచినా, ఏది ఓడినా అది బీరువా దగ్గరే తేలింది. సమాచారం సేకరించడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. సేకరించినదాన్ని మళ్లీ వెతికి పట్టుకోవడమే కష్టమైంది. ఒంటి కొలతలతో పాత నేరస్థుణ్ణి గుర్తుపట్టడానికి పారిస్ పోలీసు గుమాస్తా అల్ఫోన్స్ బెర్టిలాన్ పెట్టిన పద్ధతి కథా అదే.

ఫ్రాన్స్‌లో నేరస్థుల ఒంటిమీద కాల్చి వాత వేసే శిక్షను 1832లో రద్దు చేశారు. అమానుషమైన శిక్షే, అయినా పాత నేరస్థుణ్ణి చొక్కా విప్పితే పోల్చుకోగలిగే వీలు ఒకటుండేది, దానితోపాటు అదీ పోయింది. మిగిలింది పోలీసుల కంటి గురుతు. లండన్‌లో డిటెక్టివ్‌లు హాలోవే జైలుకు వెళ్లి, రిమాండ్‌లో ఉన్నవాళ్లను వరసగా నిలబెట్టి, తెలిసిన ముఖం ఏదైనా ఉందా అని చూసేవాళ్లు. కంటి గురుతు ఎంత ప్రమాదమో అడాల్ఫ్ బెక్ కేసు చెబుతుంది. 1877లో జాన్ స్మిత్ పేరుతో ఆడవాళ్లను మోసగించి శిక్షపడిన మనిషి ఇతనేనని 1896లో సాక్షులు బెక్‌ను చూపించారు. ఆయన ఏళ్ల తరబడి జైల్లో మగ్గాడు. స్మిత్‌కు సున్తీ అయి ఉందని పాత జైలు రికార్డులో స్పష్టంగా ఉంది, బెక్‌కు కాలేదు. ఆ సంగతి 1898లో బయటపడినా ఆయన ఖైదీ నంబరు మార్చారు తప్ప విడిచిపెట్టలేదు. 1904లో అదే తరహా నేరానికి మళ్లీ పట్టుకున్నారు. అసలు దొంగ దొరికాకే బెక్ బయటపడ్డాడు.

ఫొటో వస్తే అన్నీ తీరతాయనుకున్నారు. 1840లలోనే బ్రస్సెల్స్‌లో ఖైదీలకు డాగెరోటైప్‌లు (లోహపు రేకు మీద తీసే తొలినాటి ఫొటోలు) తీశారు. 1850లలో న్యూయార్క్ పోలీసులు దొంగల ఫొటోలు గోడకు పెట్టి జనానికి చూపించారు. పారిస్ పోలీసు ప్రధాన కార్యాలయానికి 1870లలో సొంత స్టూడియో వచ్చింది. కొన్నేళ్లకే ఫొటోలు పదుల వేలయ్యాయి, అప్పుడు తెలిసొచ్చింది అసలు సంగతి. ఫొటోను అక్షరక్రమంలో పెట్టలేం. పేరు తెలిస్తేనే ఫొటో దొరుకుతుంది. దొంగ చెప్పనిది ఆ పేరే. పైగా ఒక్కో ఫొటోగ్రాఫరు ఒక్కో వెలుగులో, ఒక్కో దూరం నుంచి, గడ్డం ఎత్తించో దించో తీసేవాడు. మనిషి బుగ్గలు పూరించి, కళ్లు చిట్లించి పాడుచేసేవాడు. రెండేళ్ల తేడాతో తీసిన ఒకే మనిషి ఫొటోలు పక్కపక్కన పెట్టినా ఇద్దరిలాగే ఉండేవి.

అల్ఫోన్స్ బెర్టిలాన్ 1879లో ఆ కార్యాలయంలోనే చిన్న గుమాస్తాగా చేరాడు. తండ్రి, అన్న పేరున్న గణాంక శాస్త్రవేత్తలు. ఇతనికి మాత్రం చదువు అబ్బలేదని ఇంట్లో బెంగ. అరెస్టయినవాళ్ల ఆనవాళ్లను ఫారాల మీద నకలు రాయడం అతని పని. ‘ముక్కు: సామాన్యం. నుదురు: సామాన్యం. ముఖం: గుండ్రం.’ రోజంతా ఇవే. ఇంట్లో విన్న మాటలు, బెల్జియం గణాంక శాస్త్రవేత్త కెత్‌లే లెక్కలు అతని బుర్రలో ఉన్నాయి. ఇద్దరు మనుషుల ఎత్తు ఒకటే అయ్యే అవకాశం నాలుగింట ఒకటి అనుకుంటే, ఇంకో కొలత కలిస్తే పదహారింట ఒకటి అవుతుంది. అలా పదకొండు కొలతలు కలిస్తే 41,94,304 మందికి ఒకరు. ఈ గుణకారంలో పెద్ద తిరకాసు ఉంది, దాని సంగతి తర్వాత. దీన్నంతా నివేదికగా రాసిస్తే అప్పటి పోలీసు అధిపతి పక్కన పడేశాడు. తర్వాత వచ్చిన కామెకాస్ 1882 చివర్లో మూడు నెలల గడువిచ్చాడు. ఆ గడువు ముగిసేలోపు, ఒకసారి పట్టుబడి కొలతలిచ్చి వెళ్లిన దొంగ మరో నేరంలో మళ్లీ పట్టుబడి తీరాలి. ఆలోచిస్తే లాటరీ లాంటి షరతు. 1883 ఫిబ్రవరిలో తన పేరు డ్యూపాన్ అన్న ఒకడి కొలతలు, రెండు నెలల కిందట సీసాల దొంగతనంలో చిక్కిన మార్టిన్ కార్డుతో సరిపోయాయి. ఆ ఏడాది 49 మంది, మరుసటి ఏడాది 241 మంది దొరికారు. 1885లో పదేపదే నేరం చేసేవాళ్లను దూరపు వలస రాజ్యాలకు పంపేయాలని ఫ్రాన్స్ చట్టం చేసింది. ‘ఇతను పాత నేరస్థుడే’ అని రుజువు చేయాల్సిన పని దాంతో ప్రభుత్వానికీ తప్పనిసరైంది.

కొలిచే గది

ఇంతకీ ఏం కొలిచేవాళ్లు? నిలువెత్తు, చాపిన చేతుల వెడల్పు, కూర్చున్నప్పటి ఎత్తు, తల పొడవు, తల వెడల్పు, కుడి చెవి పొడవు, చెంపల ఎముకల మధ్య దూరం, ఎడమ పాదం, ఎడమ నడిమివేలు, ఎడమ చిటికెనవేలు, ఎడమ ముంజేయి. చేతుల వెడల్పంటే మన ‘బార’. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా కొలిచే ముంజేయి మన ‘మూర’. పూలమ్మే ఆమె మూర, పూలు కొనే ఆమె మూర ఒకటి కావని వాదులాడుకునే చోట బెర్టిలాన్ కొత్తగా చెప్పిందేమీ లేదనిపిస్తుంది. మూర మనిషికో తీరుగా ఉంటుందన్న ఆ తేడానే ఆయన పనికి పెట్టుకున్నాడు.

ఎడమ వైపునే ఎక్కువగా ఎందుకు కొలిచారంటే, చాలామందికి కుడిచెయ్యి పనిచేసి ముదురుతుంది, వేళ్లకు దెబ్బలు తగులుతాయి. ఇరవై దాటినవాళ్లనే ప్రధానంగా ఎందుకంటే, ఆ వయసు తర్వాత ఎముక పెద్దగా పెరగదు. ఎదిగే కుర్రాళ్ల దగ్గర ఈ పద్ధతి మొదటి నుంచీ కుంటిదే.

తల పొడవు కొలిచే తీరు చూస్తే ఆ పనితనం అర్థమవుతుంది. మనిషిని స్టూలు మీద కూర్చోబెడతారు. కొలిచేవాడు వంపు తిరిగిన రెండు కాళ్ల కాలిపర్స్ తీసుకుని, ఎడమ కొనను ముక్కు మొదట్లోని గుంటలో వేళ్లతో పట్టి ఉంచుతాడు. కుడి కొనను తల వెనక పైకీ కిందికీ జరుపుతూ, అన్నింటికంటే ఎక్కువ దూరం వచ్చే చోట ఆపి అంకె చదువుతాడు. పని అక్కడితో అయిపోదు. పరికరాన్ని తీసి, ఆ అంకె దగ్గర మర బిగించి, మళ్లీ తల మీద జరిపి చూస్తాడు. సరిగ్గా ఉంటే కొన ఎముకకు మెత్తగా రాసుకుంటూ దాటుతుంది. ఒక మిల్లీమీటరు తక్కువ పెడితే ఆగిపోతుంది, ఎక్కువ పెడితే తగలకుండా పోతుంది. అప్పుడు అంకెను పైకి చెబితే పక్కనున్న గుమాస్తా రాసుకుంటాడు. పాదం కొలిచేటప్పుడు మనిషి స్టూలెక్కి, పట్టు పట్టుకుని, ఎడమకాలి మీదే నిలబడాలి. ఒంటి బరువంతా ఒక కాలి మీద పడితే పాదం పూర్తిగా సాగుతుంది, వేళ్లు ముడిచి మోసం చేసే వీలుండదు. నడిమివేలిని అరచేతికి లంబంగా మడిచి కొలుస్తారు, లేకపోతే కణుపు ఎక్కడ మొదలైందో తేలదు.

ఈ కొలతలన్నీ కార్డు మీద ఎక్కాక అసలు పని మొదలవుతుంది. ప్రతి కొలతకూ మూడు తరగతులు: చిన్న, మధ్య, పెద్ద. మూడింట్లోనూ దాదాపు సమానంగా కార్డులు పడేటట్టు హద్దులు పెట్టారు. 90,000 కార్డులున్నాయనుకుంటే తల పొడవుతో 30,000 అవుతాయి. తల వెడల్పుతో 10,000, నడిమివేలితో 3,300, పాదంతో 1,100, ముంజేయితో 370, ఎత్తుతో 120, చిటికెనవేలితో 40. ఆపైన కంటిపాప రంగు, దానికి ఏడు తరగతులు. చివరికి చేతిలో మిగిలేవి గుప్పెడు కార్డులు. వరస గమనించండి. అందరూ ముందుగా అడిగే ఎత్తు ఇక్కడ ఆరో మెట్టు మీద ఉంది. వంగి నిలబడితే ఎత్తు తగ్గుతుంది, పొద్దున ఉన్న ఎత్తు సాయంత్రానికి ఉండదు. చర్మం కిందే ఎముక ఉన్న తలను ఎవరూ ముడుచుకోలేరు.

ఆ గుప్పెడు కార్డుల్లోంచి ఒకదాన్ని ఖాయం చేసేది కొలతలు కాదు. అక్కడ మచ్చలు, గాయాల గుర్తులు, పచ్చబొట్లు చూస్తారు. ‘చేతి మీద మచ్చ’ అని ఊరుకోకుండా, ఎన్ని సెంటీమీటర్ల పొడవు, ఏ వైపు వాలి ఉంది, ఏ కీలుకు ఎంత దూరం అని రాసేవాళ్లు. కొలతలు ‘ఇతను వాడు కాదు’ అని తేల్చడానికి, మచ్చలు ‘వీడే’ అని చెప్పడానికి. బెర్టిలాన్‌కు ఈ తేడా బాగా తెలుసు. ఆయన తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది దీన్ని మరిచిపోయారు.

ఫొటోకు కూడా ఆయన కొలబద్ద పెట్టాడు. ఒకే కుర్చీ, కెమెరాకు కుర్చీకి మధ్య మారని దూరం, అసలు సైజులో ఏడో వంతుకు కుదింపు, ఎదుటి నుంచి ఒకటి, కుడి పక్క నుంచి ఒకటి. కుర్చీ కూర్చునే పలక ఇరుకుగా ఉంటుంది, మనిషి అటూ ఇటూ జరగలేడు. పక్క నుంచి ఎందుకంటే చెవి కోసం. పుట్టుక నుంచి పెద్దగా మారకుండా, ఇద్దరికి ఒకేలా ఉండనిది చెవేనని ఆయన నమ్మకం. మనం సినిమాల్లో, స్టేషన్ బోర్డుల మీద చూసే రెండు ఫొటోల వరస పుట్టింది ఇక్కడే. అయితే ఫొటోతో వెతకడానికి ఆయన ఎప్పుడూ పూనుకోలేదు. వెతికేది అంకెలతో. ఫొటో సరిచూసుకోవడానికే.

1892లో ఈ పద్ధతికి పెద్ద పేరొచ్చింది. పారిస్‌లో ఒక జడ్జి ఇంటికీ, ఒక ప్రాసిక్యూటర్ ఇంటికీ బాంబులు పెట్టిన రవషోల్, సెంతెతియెన్‌లో ఇంతకుముందు కొలతలిచ్చిన కోనిగ్‌స్టైన్ అనే పాత నేరస్థుడేనని కార్డులు తేల్చాయి. రెండేళ్లకు ఆ పేరుకే మచ్చ కూడా వచ్చింది. సైనిక రహస్యాలు జర్మనీకి అందించాడని ఫ్రెంచి సైనికాధికారి డ్రైఫస్ మీద పెట్టిన తప్పుడు కేసులో, చేతిరాత నిపుణుడు కాకపోయినా బెర్టిలాన్ నిపుణుడిగా నిలబడి, డ్రైఫస్ తన రాతనే తాను దొంగరాతలా మార్చి రాశాడని వాదించాడు. కొలబద్ద పట్టుకున్న మనిషి కొలవలేని విషయంలో దిగితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

లెక్కలో తిరకాసు

నాలుగును పదకొండు సార్లు గుణించడం సరైందే, కొలతలు ఒకదానికొకటి సంబంధం లేనివైతే. అవి అలా ఉండవు. పొడుగు మనిషికి ముంజేయి పొడుగు, ముంజేయి పొడుగైతే వేలూ పొడుగు. దీన్ని పట్టింది బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్. 1888లో ఆయన లెక్కగట్టిన అంకెలు ఇవి: ఎత్తుకూ మూరకూ మధ్య సంబంధం 0.8, మూరకూ నడిమివేలికీ 0.85, ఎత్తుకూ తల పొడవుకూ 0.35. ఇవాళ గణాంకశాస్త్రంలో సహసంబంధ గుణకం అని చదువుకునేదానికి తొలి రూపం ఈ లెక్కే. అంకె 1కి దగ్గరైన కొద్దీ రెండో కొలత కొత్తగా చెప్పేది తక్కువ. మూర తెలిశాక నడిమివేలు కొలవడం అడిగిన ప్రశ్నే మళ్లీ అడగడం లాంటిది. బీరువాలో దీని ఫలితం కళ్లకు కనబడుతుంది. ‘పెద్ద, పెద్ద, పెద్ద’ సొరుగు, ‘చిన్న, చిన్న, చిన్న’ సొరుగు కిక్కిరిసి ఉంటాయి. ‘పెద్ద వేలు, చిన్న మూర’ సొరుగు ఖాళీగా ఉంటుంది.

ఇంతకంటే పెద్ద తంటా హద్దుల దగ్గర. మధ్య తరగతికి, పెద్ద తరగతికి హద్దు 190 మిల్లీమీటర్లు అనుకుందాం. లియోన్‌లో ఒకరు 189 రాశారు, పారిస్‌లో ఇంకొకరు 191 రాశారు. మనిషి ఒక్కడే, సొరుగులు రెండు. అందుకే హద్దుకు దగ్గర్లో ఉన్న ప్రతి కొలతకూ రెండు సొరుగులూ చూడాలి. అలాంటివి మూడుంటే ఎనిమిది చోట్ల, అయిదుంటే ముప్పై రెండు చోట్ల వెతకాలి. బెర్టిలాన్ దగ్గరుండి తర్ఫీదిచ్చిన పారిస్ గదిలో ఇది సర్దుకుంది. దూరపు జైలులో, అరిగిన కాలిపర్స్‌తో, నెల కిందటే పనిలో చేరిన కానిస్టేబుల్ చేతిలో సర్దుకోలేదు. వేలిముద్ర మరక పడితే అది మరకని చూడగానే తెలుస్తుంది. తప్పు రాసిన కొలత ఒప్పులాగే ఉంటుంది. కార్డు మీద ‘187’ అని చక్కగా కనిపిస్తుంది, అది తప్పని చెప్పే ఆనవాలేదీ అందులో ఉండదు.

ఈ కథ అమెరికాలో ఇంకో రూపం తీసుకుంది. లెవెన్‌వర్త్ జైల్లో 1903లో విల్ వెస్ట్, విలియం వెస్ట్ అనే ఇద్దరి పేర్లు, ముఖాలు, కొలతలు కలిసిపోయాయని, వేలిముద్రలతోనే వేరని తేలిందని, ఆ ఒక్క రోజుతో బెర్టిలాన్ పద్ధతి కూలిపోయిందని పోలీసు శిక్షణ పుస్తకాలు దశాబ్దాల పాటు చెప్పాయి. వినడానికి బాగుంటుంది. ఆ జైలుకు వేలిముద్రల పద్ధతి వచ్చింది 1904లో. అంటే ఆ నాటకీయ ఘట్టం తర్వాత అల్లిందే. నిజానికి కొలతల పద్ధతిని ముంచింది కవలల్లాంటి మనుషులు కాదు, రోజువారీ గుమాస్తాపని.

కలకత్తాలో బీరువా

ఆ గుమాస్తాపనికి విరుగుడు మన దేశంలో దొరికింది. బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ 1890ల మొదట్లో కొలతల పద్ధతినే తెచ్చాడు. కొలతలు కొన్నింటికి కుదించి, కార్డు మీద బొటనవేలి ముద్ర కూడా చేర్చాడు. కొద్ది కాలానికే ఫిర్యాదులు మొదలయ్యాయి. పరికరాల ఖరీదు ఎక్కువ, అవి త్వరగా పాడవుతున్నాయి, తర్ఫీదున్నవాళ్లు కావాలి, ప్రతి కొలతా మూడుసార్లు తీసి సగటు చూడాలి, హద్దు దగ్గర కార్డులకు వెతుకులాట గంట దాటుతోంది. వేలిముద్రలు మనిషికో తీరని అప్పటికే తెలుసు. బెంగాల్‌లోనే విలియం హెర్షెల్ 1858లో ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద చేతిముద్ర వేయించాడు. తెలియనిది మళ్లీ పాత ప్రశ్నే, లక్ష ముద్రల్ని ఏ వరసలో పెట్టాలి అని.

ఆ వరస కట్టింది హెన్రీ కింద పనిచేసిన సబ్ ఇన్‌స్పెక్టర్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. హక్ లెక్కల విద్యార్థి. వేళ్ల కొసల్లో చక్రాలు, శంఖాలు చూసి జాతకం చెప్పడం మనకు పాత అలవాటే. ఇక్కడ ఆ చక్రానికే అంకె విలువ పెట్టారు. పది వేళ్లను అయిదు జతలు చేశారు. మొదటి జతలో ఏ వేలికి చక్రం ఉన్నా 16, రెండో జతలో 8, తర్వాత 4, 2, 1. చక్రం లేకపోతే సున్నా. కుడి బొటనవేలితో మొదలుపెట్టి లెక్కిస్తే సరిసంఖ్య వేళ్ల మొత్తం పైన, బేసిసంఖ్య వేళ్ల మొత్తం కింద రాసి, రెండింటికీ ఒకటి కలుపుతారు. ఒక మనిషికి కుడి బొటనవేలికి, ఎడమ చిటికెనవేలికి మాత్రమే చక్రాలున్నాయనుకోండి. కుడి బొటనవేలు మొదటి జతలో బేసి, కింద 16. ఎడమ చిటికెనవేలు ఆఖరి జతలో సరి, పైన 1. ఒకటి కలిపితే 2/17. ఆ కార్డు పోయేది 2/17 గూటిలోకే. పైన 32, కింద 32, మొత్తం 1,024 గూళ్లు.

దీని గొప్పతనం చక్రం ఉందా, లేదా అన్న ప్రశ్నలో ఉంది. 189కీ 191కీ మధ్య ఊగిసలాట ఇక్కడ చాలా వరకు లేదు. అలాగని ఇదీ సమంగా నిండలేదు. చక్రాలు అసలే లేనివాళ్లు ఎక్కువ కాబట్టి 1/1 గూడు పొంగిపోయింది. దాన్ని చీల్చడానికి చూపుడువేళ్ల ఆకారాలు, గీతల లెక్కింపు తేవలసి వచ్చింది. ముద్ర తీసేవాళ్లూ తప్పులు చేస్తారు. ఇంకు మందంగా పూస్తే గీతల మధ్య సందులు పూడిపోతాయి, చెమట చెయ్యి తుడవకపోతే ముద్ర పలచనవుతుంది, కుడి ఉంగరపువేలి గడిలో నడిమివేలి ముద్ర పడుతుంది. ఆ చివరి తప్పు కోసమే దొర్లించి తీసిన పది ముద్రల కింద, నాలుగు వేళ్లు కలిపి ఒత్తిన ముద్ర ఇంకోటి తీసుకుంటారు. వరస తప్పితే అక్కడ పట్టుబడుతుంది. కాలిపర్స్‌కు లేని సదుపాయం ఇదే. తప్పు కాగితం మీదే కనబడుతుంది.

1897లో సర్వేయర్ జనరల్ చార్లెస్ స్ట్రాహన్, రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ పెడ్లర్ ఉన్న కమిటీ రెండు పద్ధతుల్నీ పోల్చి వేలిముద్రలకే ఓటు వేసింది. వాళ్ల కారణాల్లో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. నైపుణ్యం కావలసిన పనంతా కేంద్ర కార్యాలయానికి చేరుతుంది, జైలు దగ్గర ముద్ర తీసేవాడికి పెద్ద తర్ఫీదు అక్కర్లేదు. అదే ఏడాది కలకత్తాలో వేలిముద్రల బ్యూరో మొదలైంది, ప్రపంచంలోని తొలి బ్యూరోల్లో అదొకటి. 1901లో స్కాట్లండ్ యార్డ్ అదే పద్ధతి తీసుకుంది. దానికి పేరు హెన్రీదే పడింది. హక్, బోస్‌లకు చాలా ఏళ్ల తర్వాత ఖాన్ బహదూర్, రాయ్ బహదూర్ బిరుదులతో సరిపెట్టారు.

పారిస్ మాత్రం మొండికేసింది. బెర్టిలాన్ 1894 నుంచి కార్డు మీద వేలిముద్రలు తీసుకున్నా, బీరువా వరస కొలతలదే. 1911లో మోనాలిసా మాయమైనప్పుడు చట్రం అద్దం మీద ముద్ర దొరికింది. దొంగ పెరూజియా కార్డు అప్పటికే పోలీసుల దగ్గర ఉంది. ముద్రను పట్టుకుని వెతకడానికి ఆ బీరువాలో దారి లేదు. బొమ్మ, దొంగ దొరికింది 1913 డిసెంబరులో, ఫ్లోరెన్స్‌లో, అతనే అమ్మబోయి. రెండు నెలలకు బెర్టిలాన్ చనిపోయాడు.

మద్రాసు ప్రెసిడెన్సీలో కొలతలకు ఇంకో ముఖం ఉంది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ తలలు, ముక్కులు కొలిచి కులాలను వర్గీకరించినవాడు. పోలీసు అధికారులకు ఆ కొలతల పాఠాలూ చెప్పాడు. బెర్టిలాన్ వెతికింది ఒక మనిషిని. థర్‌స్టన్ తరహా కొలతలు వెతికింది జాతిని. పరికరం ఒకటే, ప్రశ్న వేరు. 1911 నేరస్థ జాతుల చట్టం మద్రాసుకూ వచ్చాక, నేరం చేశాడా లేదా అనే విచారణ లేకుండానే పుట్టుకను బట్టి పేరు రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీసుకునే వీలు కలిగింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913లో ఆ చట్టం నీడలో, ఆ ముద్ర పడినవాళ్లను ఉంచడానికి పుట్టిన సెటిల్‌మెంటే. 1952 నాటికి దేశమంతటా చట్టం పోయింది. ఊరి పేరు వినగానే కనుబొమలెత్తడం అంత త్వరగా పోలేదు.

1920 ఖైదీల గుర్తింపు చట్టంలో ‘కొలతలు’ అన్న మాటే వేలిముద్రల్ని, పాదముద్రల్ని కలుపుకుంది. 2022లో దాని స్థానంలో వచ్చిన చట్టం అదే మాట కింద కంటిపాపను, రెటీనాను, సంతకాన్ని, నడవడికను కూడా చేర్చి, రికార్డును 75 ఏళ్లు దాచుకోనిచ్చింది. తెలంగాణ పోలీసులు 2018లోనే తమ యాప్‌లో ముఖ గుర్తింపు పెట్టుకున్నారు. బెర్టిలాన్ పూనుకోని పని, అంటే ఫొటోతోనే వెతకడం, ఇప్పుడు జరుగుతోంది. కాకపోతే యంత్రం లోపల చేసేది ముఖాన్ని మళ్లీ అంకెలుగా మార్చడమే, ఆ అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడడమే. హద్దు ప్రశ్నా తిరిగొచ్చింది. ఎంత పోలిక వస్తే అతనే అనాలి? హద్దు దించితే సంబంధం లేనివాళ్ల ముఖాలు జాబితాలోకి వస్తాయి, పెంచితే అసలువాడు జారిపోతాడు. సమాచార హక్కు కింద అడిగితే ఢిల్లీ పోలీసులు 2022లో తమ హద్దు 80 శాతం అని చెప్పారు. అంతకంటే తక్కువ వస్తే ఇతర ఆధారాలతో సరిచూస్తామన్నారు. పారిస్ గదిలో మాత్రం సొరుగులోంచి కార్డు తీశాక, కొలతలు ఎంత బాగా కలిసినా, చొక్కా విప్పించి మచ్చలు చూసేవాళ్లు.